వరసలు పిలిచే కారు

బ్రేకమ్మ కుర్చీలో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా, ఆఖరికి పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని పడుకున్నా, ఆమె కుడికాలు మాత్రం ఊరుకోదు. ఎదురుగా ఏదైనా కాస్త జోరుగా వచ్చిందంటే చాలు, ఠపీమని నేలను తొక్కుతుంది. మొగుడు కప్పులో టీ అంచుదాకా పోస్తుంటే తొక్కుతుంది. పక్కింటి పిల్ల మెట్లు దూకుతూ దిగుతుంటే తొక్కుతుంది. వాళ్ళింట్లో భోజనాల బల్ల కింద గచ్చు ఒకచోట నున్నగా అరిగిపోయి ఉంటుంది. అది ఆవిడ కాలి చలవే.

మరి ఆవిడ పని అలాంటిది. కారు నడపడం నేర్పుతుంది. నేర్పే కారులో నేర్చుకునేవాళ్ళకి ఒక బ్రేకు, పక్కన కూర్చున్న ఆవిడకి ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తమ బ్రేకు తొక్కాలని గుర్తు తెచ్చుకునేలోపు ఆవిడ బ్రేకు పడిపోతుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండకపోదు గానీ, దాన్ని వాడిన పాపాన పోయినవాడు లేడు. అందరికీ బ్రేకమ్మే.

ఆవిడ కారెక్కినవాళ్ళకి ఒకటే శాసనం. "చూసింది పైకి చెప్పు. చెప్పలేదంటే నువ్వు చూడనట్టే!" అందుకని ఆ కారు వీధిలోకి వచ్చిందంటే అద్దాలు దించుకుని, గొంతు చించుకుని అరుస్తూ వచ్చేది. "ఎదురుగా లారీ! పక్కన కరెంటు స్తంభం! ముందు గొయ్యి!" ఏమీ లేకపోతే "ఖాళీ!" అని అరవాలి. ఖాళీ అన్న మాట చెవిన పడితేనే బ్రేకమ్మ కాలు కాస్త వదులయ్యేది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు "అదిగో, వార్తలొస్తున్నాయి, తప్పుకోండి" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని నడపరని మాత్రం ఎవరైనా ఒప్పుకునేవాళ్ళు.

ఈ విద్య ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. అక్క సైకిలు వెనక క్యారియరు మీద నేర్చుకుంది.

వాళ్ళ నాన్నది అద్దె సైకిళ్ళ షాపు. ఆ షాపు పని మీద పెద్దపిల్ల సైకిలు తొక్కేది, చిన్నపిల్ల క్యారియరు మీద వెనక్కి తిరిగి, అక్క వీపుకి వీపు ఆనించి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేది. అక్క ముందు చూసుకుంటుంది, చెల్లెలు వెనక చూస్తుంది. అక్క తల తిప్పకుండానే అడిగేది.

"వెనకాల ఏముందే?"

"లారీ అక్కా!"

సైకిలు రోడ్డు అంచుకి జరిగేది. కాసేపటికి మళ్ళీ "ఇప్పుడో?" అని ప్రశ్న.

"ఖాళీ!"

సైకిలు మళ్ళీ తన చోటికి వచ్చేది. ఆ సైకిలుకి వేరే అద్దం లేదు. చెల్లెలే అద్దం. చెల్లెలి మాట మీద అక్క ప్రాణం, అక్క కాళ్ళ మీద చెల్లెలి ప్రాణం. ఇద్దరూ అలాగే పెరిగారు.

నాన్న పోయాక షాపుని మధ్యలో చెక్కపలకలు కొట్టి రెండు చేసుకున్నారు. కొట్లాడుకుని కాదు, నవ్వుకుంటూనే. అవతలి సగంలో పెద్దావిడ సైకిళ్ళ షాపే నడిపింది. సైకిలెక్కితే బెల్లు మీంచి వేలు తియ్యదు కాబట్టి ఆవిడ బెల్లక్క అయింది. ఆవిడ ట్రింగుమని ఒకసారి కొడితే తిట్టు, రెండుసార్లు కొడితే పలకరింపు. పెళ్ళీగిళ్ళీ నాకు పడవని తేల్చేసి, షాపు వెనక గదిలోనే కాపురం పెట్టింది. ఇవతలి సగం చెల్లెలిది. ఆవిడ వాచీలు బాగుచేసే ఆయన్ని చేసుకుంది. ఆయనకి కంట్లో భూతద్దమే తప్ప నోట్లో నాలుక లేదు. ఒకనాడు ఎవరిదో కారులో స్టీరింగు ముందు కూర్చున్న చిన్నావిడ లోపలొకటి, బయట రెండు అద్దాలు చూసి పొంగిపోయింది. "ఇన్నాళ్ళూ నేనే అద్దంగా బతికాను. ఇప్పుడు నాకే మూడద్దాలు!" అంది. ఇంకేముంది, సైకిలు అక్కది, కారు చెల్లెలిది అయిపోయాయి.

ఆ వీధి చూస్తే ఇరుకు. ఓ పక్కన మురిక్కాలవ, ఇంకో పక్కన లాండ్రీ, బ్రెడ్డు షాపు, టైలరు కొట్టు. నలుగురు సైకిళ్ళ మీద తిరిగే రోజుల్లో అది రోడ్డే. కార్లు పెరిగాక అది కుస్తీ గోదా అయింది. కారువాడు హారన్ కొట్టి "రోడ్డు నీ అబ్బ సొత్తా?" అనేవాడు. సైకిలువాడు కారు నెత్తిన దబ్బున ఒక్క చరుపు చరిచి "నీ అబ్బదా మరి?" అనేవాడు. అందరికంటే గట్టిగా చరిచేది పోస్ట్‌మాన్. ఆయన చెయ్యి పడిన కారుకి సొట్ట పడకపోతే ఆయనకి ఆ రోజు అన్నం సయించేది కాదు. అక్కచెల్లెళ్ళు కూడా ఎవరి జట్టు వాళ్ళదే అన్నట్టు పలకల సందుల్లోంచి రోజంతా సవాళ్ళు విసురుకునేవాళ్ళు.

"ఏమే, నీ డబ్బా ఇవాళ ఎన్ని స్తంభాలకి ముద్దు పెట్టింది?"

"నీ బేరాలు నడిరోడ్డు మీద నత్తనడక నడవకపోతే ఏ స్తంభానికీ పెట్టక్కర్లేదక్కా."

"నత్తకి రోడ్డు పన్ను లేదే తల్లీ!"

ఇదంతా నవ్వులాటే. కానీ నవ్వుతూ అన్నమాటే ఒక్కోసారి నిజమై కూర్చుంటుంది. ఒకరోజు నేర్చుకోవడానికి కొత్తగా చేరిన ఒకావిడ షాపులో అడిగింది, "సైకిళ్ళని కూడా పైకి చెప్పాలాండీ?" అని. బ్రేకమ్మ ఎగతాళిగా పెదవి విరిచింది. "వాటిని చెప్పుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. లెక్కలోకి తీసుకోకు. హారన్ కొడితే అవే తప్పుకుంటాయి." ఆ మాట అన్నప్పుడు పలకల అవతల గాలి పంపు చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆగిన సంగతి బ్రేకమ్మ గమనించలేదు. గమనించి ఉంటే ఈ కథే లేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఒకరోజు స్టీరింగు ముందున్నది టైలరు. నడివయసు మనిషి, పిరికివాడు. కుట్టిన యూనిఫారాలు స్కూళ్ళకి చేరవెయ్యడానికి ఒక పాత వ్యాను కొనుక్కుని, దాన్ని కొట్టు ముందు నిలబెట్టి, రోజూ దాని చుట్టూ తిరిగి చూసుకునేవాడు. తాళం తిప్పడానికి భయం. బ్రేకమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కారులో కూర్చోబెట్టింది.

"ఎదురుగా లారీ!" అన్నాడు టైలరు లాండ్రీ దగ్గర. బ్రేకమ్మ చూపు ఆ లారీ మీదే ఉంది. "పక్కన?" అని అడిగింది.

"పక్కన ఖాళీ!"

ఖాళీ అన్నాడు కదా, ఆవిడ కాలు వదులైంది. కారు పక్కకి జరిగింది. అప్పుడు ట్రింగుమని ఒక బెల్లు, ఆ వెంటనే ఏదో గీసుకున్న చప్పుడు. బ్రేకు పడేసరికి ఆలస్యమైపోయింది. కారు అద్దం హ్యాండిలుకి తగిలి, సైకిలూ దాని మీద మనిషీ మురిక్కాలవలో ఉన్నారు.

బ్రేకమ్మ తలుపు తీసుకుని దూకింది. కాలవలో ఉన్నది అక్క. మణికట్టు పట్టుకుని, బురద మొహంతో, చెల్లెల్ని కాదు, తెరిచి ఉన్న కారు కిటికీని చూస్తోంది. టైలరు అరిచిన మాట ఆ కిటికీలోంచే వచ్చి ఆవిడ చెవిన పడింది.

"ఖాళీయా?" అంది బెల్లక్క. "నేను ఖాళీనటే?"

"అక్కా, చూడలేదక్కా, నా కళ్ళు..."

"నీ కళ్ళ సంగతి నాకెందుకు? అతను నన్ను చూశాడు. చూసే ఖాళీ అన్నాడు. నువ్వు నేర్పిందే అన్నాడు." లాండ్రీ వాళ్ళు చెయ్యిచ్చి లేపారు. చెల్లెలి చెయ్యి మాత్రం ఆవిడ అందుకోలేదు. మణికట్టు విరిగిందని తేలింది, సిమెంటు కట్టు వేశారు.

ఆ పూటతో మాటలు బంద్. ఇన్నాళ్ళూ పేరుకే గోడగా ఉన్న ఆ చెక్కపలకలు నిజంగానే గోడైపోయాయి.

బ్రేకమ్మ ఊరుకుందా? ఊరుకోలేదు. బతిమాలింది, ఏడ్చింది, బ్రెడ్డు షాపులో అక్కకి ఇష్టమైన వేడి వేడి బన్నులు తెచ్చి అరుగు మీద పెట్టింది. బెల్లక్క వాటిని గిన్నెతో సహా లాండ్రీ వాళ్ళకి పంపేసింది. ఇక రాయబారానికి మొగుడు మిగిలాడు. అడకత్తెరలో పోకచెక్క పాపం. భూతద్దం జేబులో వేసుకుని, గొంతు సవరించుకుని వెళ్ళాడు.

"వదినా, మీ చెల్లెలు..."

"మరిదీ, నువ్వు వాచీలు బాగుచేసుకో. మనుషుల జోలికి రాకు."

ఆయన వెళ్ళినంత తొందరగానూ తిరిగొచ్చాడు.

టైలరు బాధ టైలరుది. చేతకానివాడి చేతికి సూదే దిక్కు అనుకున్నాడేమో, బెల్లక్క బట్టలన్నీ అడిగి పట్టుకెళ్ళి, కుడిచేతి కుట్లు విప్పి, సిమెంటు కట్టు పట్టేలా గుండీలు పెట్టి మళ్ళీ కుట్టి తెచ్చాడు. బెల్లక్క అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నవ్వుతూ మాట్లాడింది. పలకల సందులోంచి అది విన్న బ్రేకమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"గుద్దినవాడితో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదా!" అంది మొగుడితో.

"గుద్దినవాడు పరాయివాడు," అన్నాడాయన ఒక సన్నటి స్ప్రింగుని పట్టుకారుతో ఎత్తుతూ. "నువ్వు చెల్లెలివి."

నోట్లో నాలుక లేనివాళ్ళు ఎప్పుడో ఒకసారి మాట్లాడితే ఇలాగే ఉంటుంది. బ్రేకమ్మ వెళ్ళి ఆగి ఉన్న కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తేసుకుని, తనివితీరా ఏడ్చింది. అక్క లేకపోతే తను ఎప్పుడో ఏ లారీ కిందో ఉండేది. ఆ అక్కనే లెక్కలోకి తీసుకోవద్దని తన నోటితో తనే నేర్పింది. ఇంక అక్క జన్మలో మాట్లాడదేమో అన్న భయం పట్టుకుంది. దానికంటే పెద్ద భయం ఆవిడకి ఇంకేదీ లేదు.

కట్టు విప్పారు. చెయ్యి బాగానే కూడుకుంది. కానీ బెల్లక్క సైకిలు మాత్రం షాపులో పైన కొక్కేనికి అలాగే వేలాడింది. ఆవిడ ఎక్కడికైనా నడిచే వెళ్ళింది. సైకిళ్ళ షాపు మనిషి నడిచి వెళ్తుంటే వీధి వీధంతా చూసింది. చూసిన ప్రతివాడూ ఒకసారి బ్రేకమ్మ వైపు తిరిగి చూసేవాడు.

బ్రేకమ్మ శాసనం మార్చింది. ఇక మీద సైకిళ్ళని కూడా చెప్పాల్సిందే అంది. అందరూ చెప్పారు. "సైకిల్! సైకిల్! పక్కన సైకిల్!" నాలుగు రోజులకి అది చిలకపలుకైపోయింది. నోరు సైకిల్ అంటుంది, కాలు తన పని తను చేసుకుపోతుంది, బ్రేకు మాత్రం బ్రేకమ్మే తొక్కాల్సి వస్తుంది. స్తంభాన్ని చెప్పినట్టే సైకిల్‌నీ చెబుతున్నారు. ఏం చెయ్యాలో ఆవిడకి పాలుపోలేదు.

దారి చూపించింది టైలరే. అదీ తెలివితో కాదు, కంగారుతో. ఒక ఉదయం వణుకుతూనే కారు నడుపుతూ "ఎదురుగా బస్సు, పక్కన సైకిల్, ముందు సైకిల్" అని అప్పజెబుతున్నవాడు ఉన్నట్టుండి "మామయ్య!" అని కేక పెట్టి బ్రేకు తొక్కాడు. తనంతట తనే, తన కాలితోనే. బ్రేకమ్మ కాలు లేచి గాల్లోనే ఆగిపోయింది. ముందు సైకిలు మీద వెళ్తున్నది నిజంగానే టైలరు మేనమామ. వెనక్కి తిరిగి "ఏరా అల్లుడూ, కారు కొన్నావా?" అని నవ్వి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

"అంత ముందుగా ఎలా ఆపావు?" అని అడిగింది బ్రేకమ్మ.

"మామయ్య కదండీ," అన్నాడు టైలరు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

బ్రేకమ్మ డాష్‌బోర్డు మీద ఫట్టుమని చరిచింది. "అయితే అందరూ మామయ్యలే! ఇవాళ్టి నుంచి సైకిలు అన్నవాడికి కారు దిగుడే. సైకిలు మీదున్న మనిషికి వరస కలుపు. మామయ్యో, పిన్నో, బాబాయో, చెల్లెలో, నోటికేది వస్తే అది. వరస కలపకుండా ఎవర్నైనా దాటావో, నేను ఊరుకోను!"

చూడాలి ఆ వీధి తమాషా! కారు వస్తోందంటే పెళ్ళివారు దిగినట్టే. "ముందు బాబాయి! పక్కన పిన్ని! పిన్ని వెనకాల తాతయ్య!" తాతయ్య అనిపించుకున్న బ్రెడ్డు షాపాయనకి కోపమొచ్చింది. జుట్టుకి నల్లరంగు వేసుకుని ఇంకా మూడు రోజులైనా కాలేదు మరి. కారు ఆపించి "బాబాయి అను, చాలు" అని సర్దుబాటు చేసుకుని గాని కదలనివ్వలేదు. కాలేజీ పిల్ల ఒకతె, పక్కన సైకిలు మీద వెళ్తున్న అందగాణ్ణి చూసి నోరు మెదపలేదు. బ్రేకమ్మ బ్రేకు తొక్కింది. "వరస చెప్పు!" అంది. "అన్నయ్య అనడం నాకిష్టం లేదండీ," అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ. "సరే, బావ అని మనసులో అనుకో, పైకి మాత్రం జాగ్రత్తగా దాటు," అంది బ్రేకమ్మ. ఆ పిల్ల ఎంత జాగ్రత్తగా దాటిందంటే, ఆ అబ్బాయే వెనక్కి తిరిగి చూశాడు.

పోస్ట్‌మాన్ సంగతి వేరే చెప్పాలి. వెనక కారు చప్పుడు వినగానే అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తాడు. కిటికీలోంచి "బాబాయి! ముందు బాబాయి!" అని వినపడింది. ఎవరి బాబాయా అని అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ లేరు. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక, కారు నెత్తి మీద మెల్లిగా నిమిరి, "జాగ్రత్తమ్మా" అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆయన కారుని కొట్టలేదు. ఎలా కొడతాడు, వరసైనవాళ్ళని! నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? మిగతా కార్లవాళ్ళు కూడా ఆ కేకలు విని మొదట నవ్వారు, తర్వాత హారన్ మీంచి చెయ్యి తీశారు. అందరూ అని నేను చెప్పను, మారనివాళ్ళు మారలేదు. కానీ "నీ అబ్బదా?" అనే మాట మునుపటంత వినిపించలేదు.

పాఠం చెప్పేటప్పుడల్లా పలకల అవతల పంపు ఆగిపోతోందని బ్రేకమ్మ ఈసారి గమనించింది. అక్క వింటోంది! అందుకని గొంతు ఇంకా పెంచింది. తాతయ్య గొడవ నలుగురికీ చెప్పిన రోజున పలకల అవతలినుంచి ఆపుకోలేని నవ్వు ఒకటి ఫక్కుమని వినపడింది. బ్రేకమ్మ పరుగెత్తుకెళ్ళి పలకకి చెవి ఆనించింది. అవతల పంపు ముందుకంటే గట్టిగా బుస్సు బుస్సుమని మొదలైంది. ఏ టైరుకి అంత గాలి కొడుతోందో ఆ దేవుడికే తెలియాలి.

టైలరు పరీక్ష రోజు వచ్చింది. పరీక్ష పెట్టేది బ్రేక్ ఇన్‌స్పెక్టరు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయన కారులో ఎక్కితే బ్రేకమ్మ దిగిపోవాలి, అది రూలు. పక్క బ్రేకు మీద కాలు పెట్టే హక్కు ఆ పూట ఆయనదే. బ్రేకమ్మ షాపు ముందు నిలబడి "వరసలు మర్చిపోకు!" అని మాత్రం అరిచింది. టైలరు మొహం అప్పటికే ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

కారు వీధి చివరికెళ్ళి తిరిగి రావాలి. దారిలో జరిగింది తర్వాత టైలరు చెబితేనే తెలిసింది. "పక్కన పిన్ని, ముందు తాతయ్య, ఎదురుగా బస్సు, బస్సు వెనకాల మామయ్య," అని అతను అరుస్తుంటే, ఇన్‌స్పెక్టరు రాస్తున్న కలం ఆపి, "మీ చుట్టాలంతా ఈ రోడ్డు మీదే కాపురముంటారా?" అని అడిగాడట. "అవునండి," అన్నాడట టైలరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇక్కడ షాపు ముందు బ్రేకమ్మకి పలకల అవతలినుంచి కొక్కెం కిర్రుమన్న చప్పుడు వినపడింది. తర్వాత పంపు చప్పుడు. ఆ తర్వాత బెల్లక్క తన సైకిలు నడిపించుకుంటూ బయటికి వచ్చింది. చెల్లెలి ముందు నుంచే వెళ్ళింది. తల తిప్పలేదు. సైకిలెక్కి, లాండ్రీ వైపు, తను పడిపోయిన ఆ మురిక్కాలవ పక్కకే తొక్కుకుంటూ వెళ్ళింది. మెల్లగా, నిటారుగా వెళ్తోంది.

సరిగ్గా అప్పుడే కారు మలుపు తిరిగి ఆవిడ వెనకాలకి వచ్చింది. మళ్ళీ అదే టైలరు, అదే కారు, అదే కాలవ. అక్క కావాలనే వెళ్ళింది, పరీక్ష టైలరుకి కాదు తనకే అని బ్రేకమ్మకి అర్థమైంది. పక్క బ్రేకు మీద తన కాలు లేదు. ఆవిడ కుడికాలు ఫుట్‌పాతు రాయిని తొక్కుతోంది, తొక్కుతోంది, దాని వల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు. ఇప్పుడు టైలరు నోట మళ్ళీ ఖాళీ అన్న మాట గనక వచ్చిందంటే, అక్క తనకి ఇంక లేనట్టే.

కారు నెమ్మదించింది. నెమ్మదించి, సైకిలు వెనకాలే, సైకిలంత వేగంతోనే రాసాగింది. కిటికీలోంచి ఇన్‌స్పెక్టరు గొంతు వీధంతా వినపడింది.

"ఎదురుగా ఏ బండీ లేదు. పక్కంతా ఖాళీ. దాటించండి!"

"ఖాళీ కాదు సార్," అన్నాడు టైలరు. అంత పిరికివాడికి ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో. "మా పెద్దమ్మ ఉంది. ఈ కాలవ పక్క ఇరుకు అయ్యాక, చోటు చూసుకుని దాటిస్తాను."

బెల్లక్క సైకిలాపింది. కాలు నేల మీద ఆనించింది. వెనక కారు కూడా ఆగింది, కంగారులో ఇంజను కూడా ఆగిపోయింది. బెల్లక్క కారు వైపు చూడలేదు. ఫుట్‌పాతు మీద రాయి తొక్కుతూ నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, మొహం నిండా నవ్వుంది.

"ఏమే, ఆ కాలితో నేలకి చిల్లు పెడతావా? ఎక్కు."

బ్రేకమ్మ పరుగెత్తింది. వయసు చూసుకోలేదు, ఒళ్ళు చూసుకోలేదు, వెనక్కి తిరిగి క్యారియరు మీద కూలబడింది. సైకిలు మూలిగి, అటూ ఇటూ ఊగి, ఎలాగో నిలబడింది.

"కాస్త తగ్గొచ్చుగా!" అంది బెల్లక్క.

"గాలి కాస్త ఎక్కువ కొట్టొచ్చుగా!" అంది బ్రేకమ్మ. సైకిలు కదిలింది. చెల్లెలి వీపు అక్క వీపుకి ఆనింది.

"చెయ్యి నొప్పిగా ఉందా అక్కా?"

"చేతిది ఎప్పుడో పోయిందే."

"తప్పయిపోయిందక్కా. ఆ మాట నేనే నేర్పాను."

"తెలుసులే. ఈ మాట కూడా నువ్వే నేర్పావుగా. నోర్మూసుకుని వెనక చూడు."

టైలరు పరీక్ష ఏమైందని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఇంజను ఆపేసినందుకు ఇన్‌స్పెక్టరు మార్కులు తగ్గించాడు. కానీ పాసు చేశాడు. "ఇంతమంది చుట్టాలున్న రోడ్డు మీద ఇతను ఎవర్నీ గుద్దలేడు," అన్నాడట సంతకం పెడుతూ. నవ్వాడని టైలరంటాడు. ఆ ఒక్కటి మాత్రం నేను నమ్మను.

అది తర్వాతి మాట. అప్పటికి మాత్రం ఆ కారు ఇంకా సైకిలు వెనకాలే, దాటడానికి చోటు కోసం చూసుకుంటూ, బుద్ధిగా పాక్కుంటూ వస్తోంది. కారు వెనక ఉత్తరాల సంచీతో పోస్ట్‌మాన్ వస్తున్నాడు. ఎవరూ హారన్ కొట్టలేదు. లాండ్రీ వాళ్ళు ఇస్త్రీ ఆపేసి, బ్రెడ్డు షాపాయన గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. వాచీలాయన కంట్లోంచి భూతద్దం తీసి తుడుచుకున్నాడు, కన్ను కూడా తుడుచుకున్నాడు.

అక్క తల తిప్పకుండానే అడిగింది.

"వెనకాల ఏముందే?"

"కారక్కా. లోపల టైలరు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు. వాళ్ళ వెనక పోస్ట్‌మాన్."

"అవన్నీ నాకెందుకే? వరసలు చెప్పు."

"నీ కొడుకొస్తున్నాడక్కా," అంది బ్రేకమ్మ, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "వాడి వెనక ఊరుమ్మడి బాబాయి. ఇన్‌స్పెక్టరుగారి వరసొక్కటే ఇంకా తేలలేదు."

బెల్లక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు వీపులోంచి బ్రేకమ్మ వీపుకి తెలిసింది.

"మరి ముందేముందక్కా?" అని అడిగింది. చిన్నప్పుడు ఎన్నడూ అడగని ప్రశ్న అది.

"నీకెందుకే? నేను చూస్తున్నాగా," అంది అక్క, రెండుసార్లు బెల్లు కొట్టి.

బ్రేకమ్మ అప్పుడు తన కుడికాలి వైపు చూసుకుంది. అది క్యారియరు మీంచి హాయిగా వేలాడుతోంది. దేన్నీ తొక్కడం లేదు.